జర్మనీలో దిగిన రోజు నుంచి రెసిడెన్స్ కార్డు చేతికొచ్చేదాకా: ఏ కాగితం ముందు, ఏది తర్వాత

పాస్‌పోర్టులో జర్మనీ వీసా అతికించి వచ్చిన రోజు ఇంట్లో పండగే. ఆ సంతోషంలో చాలామంది గమనించని విషయం ఒకటుంది. కోర్సు రెండేళ్లు, వీసా మాత్రం సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు. కొందరికి ఏడాది దాకా వస్తుంది. డి వీసా అనే ఈ వీసా మిమ్మల్ని దేశంలోకి రానివ్వడానికి. చదువు పూర్తయ్యేదాకా ఉండాలంటే రెసిడెన్స్ పర్మిట్ కావాలి. అది మీరు అక్కడ దిగాక, మీరు ఉండే ఊళ్లోని విదేశీయుల ఆఫీసులో తీసుకోవాలి. ఆ ఆఫీసును జర్మన్‌లో ఆస్లెండర్‌బెహోర్డె అంటారు.

నేను మాస్టర్స్‌కి వెళ్లినప్పుడు ఈ పనులన్నీ ఏ వరుసలో చేయాలో చెప్పినవాళ్లు లేరు. సరైన ఇల్లు దొరక్క అడ్రసు రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. అది ఆగడంతో మిగతావన్నీ ఆగాయి. చివరికి వీసా గడువుకు తొమ్మిది రోజుల ముందు దరఖాస్తు పంపాను. ఆ రెండు నెలల టెన్షన్ మీకు వద్దు. మొదట సంపాదించాల్సింది రిజిస్టర్ చేసుకోగలిగే ఇంటి అడ్రసు. చివరిదాకా భద్రంగా దాచుకోవాల్సింది గడువులోపే దరఖాస్తు చేశానన్న రుజువు. మిగతా కాగితాలన్నీ ఈ రెండింటి మధ్యలో వస్తాయి.

బయల్దేరే ముందు

ఏపీఎస్ (మన చదువు పత్రాలు అసలైనవేనని తేల్చే సర్టిఫికెట్), బ్లాక్డ్ అకౌంట్ (అక్కడి ఖర్చులకు డబ్బుందని చూపించడానికి ముందే జమ చేసే ఖాతా) సంగతి మీకు తెలిసే ఉంటుంది. భారతీయ విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ 2022 నవంబర్ 1 నుంచి తప్పనిసరి. బ్లాక్డ్ అకౌంట్‌లో 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 లెక్కన చూపించాలి. తెలుగు రాష్ట్రాలు చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. ఇంతవరకు కన్సల్టెన్సీలు కూడా చెబుతాయి. వాళ్లు సాధారణంగా చెప్పనివి రెండున్నాయి.

ఒకటి, పేరు. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఒక్కోసారి పొడి అక్షరమే ఉంటుంది. డిగ్రీ సర్టిఫికెట్‌లో వరుస మారిపోతుంది. జర్మనీలో మాత్రం ప్రతి ఆఫీసూ పాస్‌పోర్టులోని గడులే చూస్తుంది: సర్‌నేమ్ గడిలో ఏముంది, గివెన్ నేమ్ గడిలో ఏముంది. మీ పేరు వెంకట సాయి అయితే ప్రతిచోటా రెండు ముక్కలూ రాయండి. ఒకచోట వెంకట సాయి, మరోచోట ఉత్త సాయి అని రాస్తే ఇన్సూరెన్స్ రికార్డుకూ యూనివర్సిటీ రికార్డుకూ పొంతన కుదరదు. మీ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, టైముంటే వీసాకు వేసే ముందే సరిచేయించుకోండి. తర్వాత మార్చాలంటే వీసా, యూనివర్సిటీ, బ్యాంకు అన్నీ మళ్లీ మార్చాలి.

రెండు, జనన ధ్రువీకరణ పత్రం. పుట్టిన తేదీకి పదో తరగతి మెమో ఉంటే చాలనుకోవడం మనకు అలవాటు. అక్కడ రేపు పెళ్లి రిజిస్టర్ చేయాలన్నా, బిడ్డ పుడితే నమోదు చేయించాలన్నా జనన పత్రమే అడుగుతారు. మున్సిపాలిటీలోనో మీ సేవలోనో ఇంగ్లిషులో ఉన్నది తీసి, తల్లిదండ్రుల పేర్లు మీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూసుకుని పెట్టెలో పెట్టుకోండి. మెమోలు, డిగ్రీ, మార్కుల జాబితాల ఒరిజినల్స్ చేతి బ్యాగులోనే ఉండాలి.

ఇల్లు: కిరాయి ఒప్పందం ఒక్కటే చాలదు

జర్మనీలో కొత్త ఇంట్లోకి మారిన రెండు వారాల్లోపు ఆ అడ్రసును స్థానిక ఆఫీసులో నమోదు చేసుకోవాలని చట్టం చెబుతోంది. దీన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. అక్కడున్న మనవాళ్లందరి నోటా నలిగే మాట ఇది. దీనికి కిరాయి ఒప్పందం సరిపోదు. ఫలానా వ్యక్తి ఫలానా తేదీన నా ఇంట్లో చేరాడని ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన ఒక పేజీ ఫారం కావాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. నోరు తిరగని పేరే అయినా గుర్తుపెట్టుకోండి. ఇల్లు మాట్లాడేటప్పుడు ఈ ఫారం ఇస్తారా అని మొదటే అడగాలి. అది ఇవ్వడం వాళ్ల చట్టపరమైన బాధ్యత. ఫ్లాట్‌లో ఒక గది సబ్‌లెట్ తీసుకుంటే, ఆ ఫ్లాట్ కిరాయికి తీసుకున్న మెయిన్ టెనెంట్ సంతకం చేయవచ్చు.

రిజిస్ట్రేషన్ కుదరదని ప్రకటనలోనే రాసే గదులు చాలా కనిపిస్తాయి. దిగిన కొత్తలో రెండు మూడు వారాలు తలదాచుకోవడానికైతే సరే. ఆరు నెలలకు అలాంటి గది తీసుకోకండి. కిరాయి 50 యూరోలు తక్కువని నేను తీసుకున్న మొదటి గది అలాంటిదే, నా పనులన్నీ ఆగింది అక్కడే. ఇంకో మాట. ఇల్లు చూడకుండా, తాళాలు కొరియర్‌లో పంపిస్తాం ముందు డిపాజిట్ వేయండి అంటే వేయకండి. ఇండియా నుంచి వెతికే విద్యార్థులనే ఎక్కువగా ఇలా మోసం చేస్తారు. ఆ ఊళ్లో మనవాళ్లు ఎవరైనా ఉంటే, ఒకసారి వెళ్లి చూసి రమ్మని మొహమాటపడకుండా అడగండి.

అన్‌మెల్డుంగ్ రోజు

ముందుగా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. పెద్ద ఊళ్లలో రెండు వారాల్లోపు టెర్మిన్ దొరకడం కష్టం. ఇల్లు ఖాయమైన రోజే బుక్ చేసి, బుక్ చేసినట్టు వచ్చిన మెయిల్ దాచుకోండి. తారీఖు దాటినా మీరు గడువులోపే ప్రయత్నించారనడానికి అదే సాక్ష్యం. పొద్దున్నే ఎవరైనా రద్దు చేసుకున్న స్లాట్లు మళ్లీ కనిపిస్తుంటాయి, ఆఫీసు తెరిచే సమయానికి వెబ్‌సైట్ చూస్తూ ఉండండి.

పాస్‌పోర్టు, నింపిన ఫారం, ఇంటివాళ్ల సంతకం ఉన్న కాగితం తీసుకెళ్తే పది నిమిషాల పని. ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది. చర్చి సభ్యులని నమోదైతే జీతం వచ్చినప్పుడు చర్చి పన్ను కూడా కోస్తారు. మన క్రైస్తవ కుటుంబాల పిల్లలు ఈ గడి నింపేముందు ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది. బయటికి వచ్చేముందు అక్కడిచ్చిన ధ్రువీకరణలో పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే అక్కడే చెబితే అప్పుడే దిద్దుతారు. ఆ కాగితాన్ని స్కాన్ చేసి పెట్టుకోండి, వచ్చే మూడు నెలలు అందరూ దాన్నే అడుగుతారు.

పోస్టు డబ్బా మీద మీ పేరు

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ కొత్తగా వచ్చినవాళ్లను ఇంత ఇబ్బంది పెట్టేది మరొకటి నేను చూడలేదు. మన అపార్ట్‌మెంట్లలో లాగా ఫ్లాట్ 302 అని రాస్తే ఉత్తరం చేరదు. అక్కడ సాధారణంగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తాడు. మీ ఇంటిపేరు డబ్బా మీద లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది, పోయిందని మీకు తెలియను కూడా తెలియదు.

ఇంట్లో చేరిన రోజే డబ్బా మీద, వీలైతే కింద కాలింగ్ బెల్ మీద, మీ ఇంటిపేరు అంటించండి. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే ఉండాలి. ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, అక్కడ ముఖ్యమైనవన్నీ పోస్టులోనే వస్తాయి. అన్‌మెల్డుంగ్ అయిన రెండు మూడు వారాలకు 11 అంకెల ట్యాక్స్ ఐడీ వస్తుంది. పార్ట్‌టైమ్ ఉద్యోగంలో చేరాలంటే అది కావాలి. హెల్త్ కార్డు, బ్యాంకు కార్డు, దాని పిన్, చివరికి రెసిడెన్స్ కార్డు పిన్ కూడా ఉత్తరాల్లోనే వస్తాయి. రేడియో, టీవీ చందా కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. నాకు టీవీ లేదు కదా అని పక్కన పడేయకండి. అది ఇంటికి నెలకు 18.36 యూరోలు. ముగ్గురు కలిసి ఉంటే ముగ్గురూ కట్టక్కర్లేదు, ఒకరు కడితే మిగతావాళ్లు ఆ కట్టేవాళ్ల చందా నంబరు చెబితే చాలు. కానీ జవాబివ్వాలి.

ఇన్సూరెన్స్, బ్యాంకు

30 ఏళ్లలోపు విద్యార్థులకు ప్రభుత్వ పద్ధతి హెల్త్ ఇన్సూరెన్స్ తక్కువ రేటుకు దొరుకుతుంది, నెలకు సుమారు 150 యూరోలు. టీకే, ఏఓకే, బార్మర్ లాంటివి ఈ కోవలోవే. మీరు చేరాక వాళ్లు మీ యూనివర్సిటీకి ఆన్‌లైన్‌లో సమాచారం పంపుతారు, అది చేరితేనే అడ్మిషన్ పూర్తవుతుంది. ప్రైవేటు ఇన్సూరెన్స్ నెలకు 30, 40 యూరోలకే వస్తుందని కొందరు అమ్మజూపుతారు. దానికోసం మీరు ప్రభుత్వ ఇన్సూరెన్స్ వద్దని రాసిస్తే ఆ చదువు అయ్యేదాకా తిరిగి అందులోకి రాలేరు. ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు. సంతకం పెట్టేముందు ఆలోచించండి. 30 దాటినవాళ్లు మాత్రం ఇండియాలో ఉండగానే ఈ ఖర్చు లెక్క వేసుకోవాలి.

బ్లాక్డ్ అకౌంట్‌లోని డబ్బు మీకు నేరుగా చేతికి రాదు. అక్కడ మామూలు ఖాతా తెరిచాక అందులోకి నెలకు 992 లెక్కన వస్తుంది. ఇదంతా తెమిలేసరికి కొన్ని వారాలు పట్టవచ్చు, ఈలోపు డిపాజిట్, మొదటి కిరాయి, ఇన్సూరెన్స్ కట్టాలి. అందుకే మొదటి నెల ఖర్చు ఫారెక్స్ కార్డులో విడిగా ఉంచుకోండి.

రెసిడెన్స్ పర్మిట్ దరఖాస్తు

వీసా మీద చివరి తేదీ చూడండి. అందులోంచి ఎనిమిది వారాలు వెనక్కి లెక్కపెట్టి, ఆ రోజును క్యాలెండర్‌లో రాసుకోండి. దరఖాస్తు ఆ రోజుకి వెళ్లిపోవాలి. మీ యూనివర్సిటీ ఏ ఊళ్లో ఉందన్నదానితో పని లేదు, మీ అన్‌మెల్డుంగ్ ఏ ఊళ్లో ఉందో ఆ ఊరి ఆఫీసుకే పంపాలి. బెర్లిన్‌లో అయితే ఈ ఆఫీసు పేరు ఎల్ఈఏ. కొన్ని ఊళ్లలో ఆన్‌లైన్ ఫారం, కొన్నిచోట్ల మెయిల్, చిన్న ఊళ్లలో ఇప్పటికీ పోస్టే. మీ ఊరి వెబ్‌సైట్‌లో ఏది చెబితే అదే దారి.

ఫైలులో ఉండాల్సినవి: నింపిన ఫారం, పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు, అన్‌మెల్డుంగ్ ధ్రువీకరణ, యూనివర్సిటీ ఎన్‌రోల్‌మెంట్ పత్రం, ఇన్సూరెన్స్ ధ్రువీకరణ, కిరాయి ఒప్పందం, డబ్బుకు రుజువు. ఫొటోలకు మాత్రం 2025 మే 1 నుంచి పద్ధతి మారింది, డిజిటల్ ఫొటోలే తీసుకుంటున్నారు. ఆఫీసులో యంత్రం ఉంటే అక్కడే దిగవచ్చు, లేకపోతే అనుమతి ఉన్న స్టూడియోకి వెళ్లాలి. ఇండియా నుంచి ప్రింటు ఫొటోలు డజన్ల కొద్దీ తెచ్చుకోవడం ఇప్పుడు దండగ. ఫీజు మొదటిసారి 100 యూరోలు.

పాస్‌పోర్టు గడువు కూడా చూసుకోండి. గడువు ఏడాదే ఉంటే పర్మిట్ కూడా అంతవరకే ఇస్తారు. రెండేళ్లు రావాల్సింది ఏడాదికే ఆగిపోతుంది, ఫీజు మళ్లీ కట్టాలి.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. దరఖాస్తు పంపుతారు, వారాలు గడుస్తాయి, జవాబు రాదు. ఫోన్ ఎత్తరు. వీసా తేదీ దగ్గరపడుతుంటుంది. నిద్ర పట్టదు. ఈ సమయంలో మీకు ధైర్యమిచ్చే చట్టం ఒకటుంది: జర్మన్ నివాస చట్టంలో సెక్షన్ 81, నాలుగో ఉపవిభాగం. ఉన్న వీసా గడువు ముగిసేలోపు మీరు దరఖాస్తు చేస్తే, ఆఫీసు నిర్ణయం తీసుకునేదాకా ఆ వీసా చెల్లుతున్నట్టే లెక్క. టెర్మిన్ ఎప్పుడు దొరికిందన్నది కాదు, దరఖాస్తు ఎప్పుడు చేరిందన్నదే ముఖ్యం. ఒక్క రోజు ఆలస్యమైనా ఈ రక్షణ దానంతటదే రాదు, ఆఫీసు దయతలచి ఇవ్వాలి.

అందుకే రుజువు. ఆన్‌లైన్‌లో పంపితే చివర వచ్చే నిర్ధారణ పేజీని పీడీఎఫ్‌గా దాచండి. మెయిల్ అయితే ఆటోమేటిక్‌గా వచ్చే జవాబును తీసేయకండి. పోస్టు అయితే రిజిస్టర్డ్ పోస్టులో, అక్కడ ఐన్‌ష్రైబెన్ అంటారు, పంపి రసీదు ఉంచండి. నేను మెయిల్ పంపి, అదే ప్రింటు తీసి ఆఫీసు బయటి పెట్టెలో నా స్నేహితుడి ఎదురుగా వేసి, ఫొటో కూడా తీసుకున్నాను. ఐదు వారాల తర్వాత మీ దరఖాస్తు మాకు కనిపించలేదన్నారు. ఆటోమేటిక్ జవాబులో ఉన్న తేదీ, సమయం చూపించాక ఒప్పుకున్నారు.

మెయిల్ రాసేటప్పుడు సబ్జెక్టులోనే పాస్‌పోర్టు ప్రకారం పూర్తి పేరు, పుట్టిన తేదీ, వీసా ముగిసే తేదీ పెట్టండి. ఫైళ్లన్నీ ఒకే పీడీఎఫ్‌గా, పైన చెప్పిన వరుసలో ఉంటే చూసేవాళ్లకు సులువు. జర్మన్ సరిగా రాకపోయినా చిన్న వాక్యాల్లో జర్మన్‌లోనే రాయండి, క్లాసులో ఎవరినైనా సరిదిద్దమంటే సరిదిద్దుతారు. ఒకే విషయం మీద రోజుకో మెయిల్ పంపితే పని వేగం కాదు. నాలుగు వారాలకు ఒకసారి, మొదటి మెయిల్‌కే జవాబుగా పంపండి.

మధ్యలో ఇండియా రావాలంటే

పర్మిట్ రాకముందే అక్క పెళ్లో, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోవడమో జరగవచ్చు. అప్పుడు ఫిక్షియోన్స్‌బెషైనిగుంగ్ అనే కాగితం అడగండి. మీ దరఖాస్తు పరిశీలనలో ఉందని ఆఫీసు ఇచ్చే ధ్రువీకరణ అది, 13 యూరోలు. దాని లోపల మూడు గడులుంటాయి, ఏ గడిలో గుర్తు పెట్టారో చూడండి. మూడో గడి, అంటే సెక్షన్ 81 నాలుగో ఉపవిభాగం కింద పాత అనుమతి కొనసాగుతున్నట్టు చెప్పేది, టిక్ అయి ఉంటే ఆ కాగితం, పాస్‌పోర్టు, పాత వీసాతో వెళ్లి తిరిగి రావచ్చు. మొదటి గడికి గుర్తు ఉంటే దాంతో తిరిగి రాలేరు. ఆ గుర్తు తప్పుగా పడిందనిపిస్తే టికెట్ కొనకముందే అడగండి. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో ఈ కాగితం ఎప్పుడూ చూడనివాళ్లు ఉంటారు కాబట్టి గంట ముందే చేరుకోండి. వట్టి మెయిల్ ప్రింటుతో మాత్రం దేశం దాటకండి.

భయపెట్టే ఉత్తరం వస్తే

ఆఫీసు నుంచి ఆన్‌హోరుంగ్ అని రాసున్న ఉత్తరం వస్తే అది తిరస్కరణ కాదు. తిరస్కరించే ఆలోచనలో ఉన్నాం, మీరు చెప్పేదేమైనా ఉంటే ఫలానా తేదీలోపు చెప్పండి అని అర్థం. చాలామంది భయపడి పక్కన పెడతారు, అదే వాళ్ల కొంప ముంచుతుంది. తుది నిర్ణయం పసుపు కవరులో వస్తే, ఇచ్చిన తేదీ పోస్ట్‌మ్యాన్ కవరు మీద రాస్తాడు. అప్పీలు గడువు ఆ రోజు నుంచే లెక్క కాబట్టి కవరు పారేయకండి. కాగితం తీసుకుని అదే రోజు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకో, విద్యార్థి సంఘం వాళ్ల న్యాయ సలహా కేంద్రానికో వెళ్లండి. చాలా యూనివర్సిటీల్లో అక్కడ ఉచితంగా లాయరుతో మాట్లాడవచ్చు. వాట్సాప్ గ్రూపులో సీనియర్లు చెప్పేది ధైర్యానికి పనికొస్తుంది, కానీ ప్రతి ఊరి పద్ధతీ వేరు, ప్రతి ఫైలూ వేరు.

కార్డు వచ్చాక

టెర్మిన్ రోజు వేలిముద్రలు తీసుకుంటారు, కార్డు తయారై రావడానికి కొన్ని వారాలు పడుతుంది. సాధారణంగా రెండేళ్లకు ఇస్తారు. దాంతోపాటు ఒక అదనపు కాగితం ఇస్తే దాన్ని చదవండి, మీరు ఏ పని చేయవచ్చో అందులో ఉంటుంది. 2024 మార్చి నుంచి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. సొంతంగా ఫ్రీలాన్స్ పని చేయడం ఇందులోకి రాదు, దానికి విడిగా అనుమతి కావాలి. ఇన్వాయిస్ మీద డబ్బు తీసుకోమని ఎవరైనా అంటే ముందు ఈ సంగతి తేల్చుకోండి.

కోర్సు మారాలన్నా, యూనివర్సిటీ మారాలన్నా ముందు ఆఫీసుకు చెప్పండి. ఊరు మారితే కొత్త ఊళ్లో మళ్లీ అన్‌మెల్డుంగ్ చేయాలి. మీ ఫైలు పాత ఆఫీసు నుంచి కొత్త ఆఫీసుకు వెళ్లడానికి వారాలు పడుతుంది, కార్డు గడువు దగ్గర ఉండగా ఊరు మారితే ఈ ఆలస్యం కూడా లెక్కలోకి తీసుకోండి. ఆరు నెలలకు మించి జర్మనీ బయట ఉంటే పర్మిట్ దానంతటదే రద్దవుతుంది. థీసిస్ ఇంటి నుంచి రాసుకుందామని హైదరాబాదో విజయవాడో వచ్చేవాళ్లు ముందుగా ఆఫీసు నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఇస్తారు. పట్టా చేతికి వచ్చేదాకా ఆగక్కర్లేదు, అన్ని పరీక్షలూ పాసయ్యారని యూనివర్సిటీ ఇచ్చే లేఖతోనే దరఖాస్తు చేయవచ్చు. అప్పుడూ ఇదే వరుస: కార్డు గడువుకు ఎనిమిది వారాల ముందు, పంపినట్టు రుజువుతో. జర్మనీ వదిలి వచ్చేసేటప్పుడు వెళ్లే వారం రోజుల ముందు నుంచి అబ్‌మెల్డుంగ్, అంటే అడ్రసు తీసేయించుకోవడం, చేయవచ్చు. ఆ కాగితం ఉంటేనే ఇన్సూరెన్స్, రేడియో చందా, ఫోన్ కాంట్రాక్టు లాంటివి తేలిగ్గా మూసేయగలరు. దాని స్కాన్ కూడా ఆ మొదటి అన్‌మెల్డుంగ్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టుకోండి.